మేడం ఉన్నారుగా!

మొన్న శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తింటూ మా కోడలు నాకొక కథ చెప్పింది. వారంలో రెండు రోజులు ఆమె ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తుంది కాబట్టి, పంజాగుట్టలోని మా చిన్న ఫ్లాటులో ఆ రెండు రోజులూ నేను మిక్సీ వేయాలన్నా ముందు ఆ గదిలోకి తొంగిచూసి, మీటింగేదీ లేదని రూఢి చేసుకుని వేయాలి. ముందురోజు వాళ్ళ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఏదో చాలాసేపు ఆగిపోయిందట. దాని మీద పొద్దున జరిగిన మీటింగు నేను బెండకాయలు వేయిస్తూ సగం విననే విన్నాను. ఎవరు చేశారన్న మాట అందులో ఒక్కసారీ రాలేదు. తప్పు బటన్ నొక్కినతను తనకు ఆ క్షణాన తెరమీద ఏం కనిపించిందో తానే చెప్పుకొచ్చాడు, మిగతావాళ్ళు అది చూస్తే ఎవరైనా అలాగే నొక్కేవారని ఒప్పుకుని, మరి అది అలా ఎందుకు కనిపించిందని వెతకడంలో పడ్డారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలోని రొయ్యలు మాయం అన్నట్టుందే మీ వ్యవహారం అని నేను వేళాకోళమాడితే, ఆమె నవ్వి, అలా కాదు అత్తయ్యా అంటూ వాళ్ళ పైఆఫీసరు ఉదాహరణగా చెప్పిన ఒక కథ ఎత్తుకుంది.

ఎప్పుడో ఒక రక్తపరీక్షల ల్యాబు ఉండేదట, సోమవారం పొద్దున పరగడుపున వచ్చిన జనం క్యూలో నిలబడి ఉండగా కంప్యూటర్లు మొరాయించాయట, డ్యూటీలో ఉన్న ఒకతను తనకు నేర్పిన పద్ధతి ప్రకారమే అన్నీ చేసినా మొత్తం కుప్పకూలిందట, తప్పు అతనిది కాకపోయినా అతన్నే పంపేశారట. కథ బాగా చెప్పింది పిల్ల. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది కూడా. నేను మాత్రం కలిపిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాను, ఎందుకంటే ఆ ఆగడం నేను నేర్పిందే. ఆ కథ నాది. కొన్నేళ్ళపాటు ఎందరో కుర్రకారుకు నేను పాఠంగా చెప్పిన కథ, ఎవరి నోటినుంచి ఎవరి నోటికో పాకి, తిరిగి నా కంచం దగ్గరికే వచ్చింది. ఆ సంగతి కోడలికి చెప్పలేదు, మజ్జిగ పోసుకుని లేచిపోయాను.

మా ఈడువాళ్ళకు అమీర్‌పేట గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. మెట్రో స్తంభాలు ఇంకా లేని రోజులు. బస్సు దిగి నాలుగడుగులు వేసేసరికి కంప్యూటరు కోర్సుల కరపత్రాలు చేతినిండా అయ్యేవి, వాటిని వద్దనడానికి మొహమాటపడి ఇంటికి తెచ్చి అలమారా అరల్లో పరుచుకునేవాళ్ళం. మా ఆఫీసు లోపలి సందులో రెండో అంతస్తు. కింద కర్రీ పాయింటు, పైన ఆడపిల్లల హాస్టలు. పదకొండయ్యేసరికి కిందనుంచి గుత్తివంకాయ వాసన, పైనుంచి ఆరేసిన బట్టల నీళ్ళ చుక్కలు. తెనాలి నుంచి పెళ్ళయి వచ్చిన నాకు ఆ సందే హైదరాబాదు. మా చిన్న కంపెనీ ఒక ల్యాబుల సంస్థకు సాఫ్ట్‌వేర్ నడిపేది. సోమాజిగూడలో పెద్ద ల్యాబు, ఖైరతాబాదు, యూసుఫ్‌గూడ వంటి చోట్ల రక్తం తీసుకునే కౌంటర్లు ఉండేవి. కౌంటరులోని అమ్మాయి పేషెంటు పేరు కొట్టి బటన్ నొక్కితే మా దగ్గరి పెద్ద కంప్యూటరు ఒక నంబరు ఇచ్చేది, ఆ నంబరున్న స్టిక్కరు వచ్చేది, దాన్ని రక్తం సీసాకు అంటించేవారు. స్టిక్కరు లేనిదే సూది లేదు.

వినడానికి ఇంతే. కానీ షుగరు పరీక్షకు పరగడుపున రావాలి కదా, అందుకని ఊళ్ళోని పేషెంట్లందరూ ఒక్క వేళకే వచ్చేవారు. ఆదివారం కౌంటర్లు మూసేస్తారు గనుక సోమవారం మరీ తిరునాళ్ళు. కంప్యూటరు కాస్త నెమ్మదించేది. కౌంటరులో అమ్మాయి ఎదురుగా ఆకలితో చిరచిరలాడే జనం, ఆమె మాత్రం ఎంతసేపు చేతులు కట్టుకుని కూర్చుంటుంది, బటన్ మళ్ళీ నొక్కేది. నొక్కిన ప్రతిసారీ మా దగ్గర ఇంకో పని వరసలో చేరేది. వరస పెరిగితే ఇంకా నెమ్మది, నెమ్మదిస్తే ఇంకా నొక్కుళ్ళు. ఆపైన అన్ని కౌంటర్ల నుంచీ ఫోన్లు, ఆ ఫోన్లెత్తడానికి పని వదిలేసి మేము. ఎవరి మటుకు వాళ్ళు చేసింది సబబే. అందరి సబబులూ కలిసి గంటలో మొత్తాన్ని పడుకోబెట్టేవి.

అప్పుడు నేను రంగంలోకి దిగేదాన్ని. రిపోర్టుల ప్రింటింగు కాసేపు ఆపించి, వరసలో పడున్న దొంతరను చేత్తో ఖాళీ చేసి, కౌంటర్లను ఒక్కొక్కటిగా తెరిపించేదాన్ని. ముందు చిన్నవి, తరవాత పెద్దవి. ఎప్పుడు ఏది తెరవాలో నాకెలా తెలిసేదంటే చెప్పలేను, ఉప్పు సరిపోయిందో లేదో కూర వాసన చూసి చెప్పినట్టు తెలిసేది. అరగంటలో అన్నీ సర్దుకునేవి. మేడం వస్తే మిషన్లు కూడా బుద్ధిగా ఉంటాయని కౌంటరు అమ్మాయిలు ఫోన్లోనే చప్పట్లు కొట్టేవారు, మా మేనేజరుగారు కింద నుంచి అల్లం చాయ్ తెప్పించేవారు. మునగచెట్టు ఎక్కిస్తున్నారని తెలుసు. ఎక్కడం బాగుండేది. ఇంట్లో అత్తగారి ముందు పప్పు మాడ్చిన కోడల్ని, ఆ సందులో మాత్రం మహారాణిని.

నా పక్క కుర్చీలో తమ్ముడు ఉండేవాడు. సొంత తమ్ముడు కాడు, ఆఫీసులో చేరిన రోజే నన్ను అక్కా అన్నాడు కనుక తమ్ముడయ్యాడు. మరమగ్గాల ఊరి నుంచి వచ్చాడు, ఇంట్లో అందరూ నేతపనే, వాళ్ళ వంశంలో కంప్యూటరు ముట్టుకున్న మొదటివాడు. వాళ్ళ నాయన ఊరి నుంచి వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి లోపలికొచ్చి, కొడుకు కూర్చునే కుర్చీని చేత్తో తడిమి చూసుకోవడం నాకింకా గుర్తుంది. తమ్ముడు తక్కువ మాట్లాడేవాడు. సాయంత్రాలు ఇద్దరం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిచేవాళ్ళం, నాది అక్కడే ఇల్లు, అతనికి అక్కడ బస్సు.

ఒకరోజు పంజాగుట్ట చౌరస్తాలో బండ్లన్నీ ఇరుక్కుపోయి హారన్ల మోత. రోడ్డు వెడల్పు చేసి ఎన్నాళ్ళో కాలేదు, అయినా జాము తగ్గకపోగా మా ఆఫీసు సందు దాకా పాకింది. ట్రాఫిక్ పోలీసు పాపం చెమటలు కక్కుతూ రెండు చేతులూ ఊపుతున్నాడు. నేను అతన్ని చూసి జాలిపడుతుంటే తమ్ముడు నెమ్మదిగా అన్నాడు, "అక్కా, గీ జామ్ ఈడ పుట్టలె. గాయన ఎంతసేపు చేతులూపినా ఫాయిదా లేదు. వచ్చే బండ్లను ఆడ ఖైరతాబాద్ కాడనే జర ఆపాలె. మన కౌంటర్లు సుత గంతే."

అతని ఆలోచన ఇది. బటన్ ఒకసారి నొక్కాక, జవాబు వచ్చేదాకా అది మళ్ళీ నొక్కినా పనిచేయకూడదు. మా దగ్గర వరస నిండితే, కాసేపు ఆగండి అని కంప్యూటరే కౌంటరుకు చెప్పాలి. కొందరు కుర్చీల్లో కూర్చుని ఆగుతారు, మొత్తం మాత్రం ఆగదు. మర్నాడే నేను మేనేజరుగారికి చెప్పాను, తమ్ముడు కూడా నా వెనక నిలబడ్డాడు. ఆయన చెడ్డమనిషేం కాదు, పైవాళ్ళ నుంచి ఆయనకూ ఒత్తిడి. "ఏంటయ్యా, అరగంటలో సర్దుకునే దానికి రెండు వారాల పనా? ఎందుకంత కంగారు, మేడం ఉన్నారుగా!" అన్నారు. ఆ చివరి మాటకు నా ముఖం వికసించే ఉంటుంది. అవునండీ, ఉన్నానుగా అని నేను అనలేదు కానీ, అనకపోయినా అన్నట్టే అయింది.

నేను బాగా సర్దిన కొద్దీ దాన్ని బాగుచేయాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు. బాగుచేయని కొద్దీ అది నా మీద మరింత ఆనుకుంది. ఇది తరవాతి కాలంలో చదివి, విని తెలుసుకున్న సంగతి. అప్పటికి తెలిసిందల్లా నేను లేకపోతే ఆఫీసు నడవదన్నదే, అందుకు గర్వపడడం తప్ప భయపడాలని తోచలేదు.

మా అక్కయ్య కూతురి పెళ్ళి తెనాలిలో వచ్చింది. ఆదివారం రాత్రి ముహూర్తం, సోమవారం అప్పగింతలు. బయల్దేరేముందు తమ్ముడికి ఏ కౌంటరు తరవాత ఏది తెరవాలో వరస చెప్పి, భయపడకు, ఇంతే అన్నాను. ఇంతే కాదని నాకు తెలుసా తెలియదా అంటే ఇప్పటికీ తేల్చుకోలేను. వాసనను మాటల్లో పెట్టడం నాకు రాలేదు, వరస మాత్రం అప్పజెప్పాను. ఆ వారంలోనే ఆ ల్యాబువాళ్ళు ఇంకో రెండు కౌంటర్లు కొత్తగా తెరిచారు. వాటి సంగతి నా వరసలో లేదు, ఎందుకంటే వాటితో సోమవారం నాక్కూడా ఇంకా ఎదురవలేదు.

ఆ సోమవారం నేను మేళాల మోతలో, ఏడ్చే పెళ్ళికూతురి చీర కుచ్చిళ్ళు సర్దుతూ ఉన్నాను. ఫోను విడిదిగదిలో బ్యాగులో ఉంది. తమ్ముడు నేను చెప్పిన వరసలోనే, నేను చెప్పినంత జాగ్రత్తగానే కౌంటర్లు తెరిచాడు. కొత్త కౌంటర్లలో అప్పటిదాకా పేరుకుపోయిన నొక్కుళ్ళన్నీ ఒక్కపెట్టున వచ్చిపడి, కోలుకుంటున్నదల్లా మళ్ళీ కూలిపోయింది. అతను మళ్ళీ మొదటినుంచి అదే చేశాడు, మళ్ళీ అదే అయింది. మధ్యాహ్నం దాకా ఎక్కడా స్టిక్కరు రాలేదు. ఖైరతాబాదు కౌంటరు దగ్గర షుగరున్న ఒక పెద్దాయన, ముందురోజు రాత్రి తిన్న రెండు పుల్కాల మీద అంతసేపు నిలబడి, కళ్ళు తిరిగి మెట్టు మీద పడ్డాడు. నుదురు చిట్లి కుట్లు పడ్డాయి. ప్రాణానికి ముప్పు రాలేదు, ఆ వారమే ఇంటికి వెళ్ళిపోయాడని విన్నాను.

నేను తిరిగొచ్చేసరికి ల్యాబువాళ్ళు మండిపడుతున్నారు. వాళ్ళకు ఒక కారణం కావాలి, కారణం అంటే ఒక పేరు. మేనేజరుగారు తమ్ముడి పేరు రాసేశారు, డ్యూటీలో ఉన్నది అతనే కదా. నేను గదిలోకి వెళ్ళి, అతనొక్కడి తప్పు కాదండీ అన్నాను. "మరి ఎవరిది? పేరు చెప్పండి, అదే రాస్తాను," అన్నారాయన. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. బటన్ పదేపదే నొక్కిన అమ్మాయిలదా, చెప్పకుండా కౌంటర్లు పెంచినవాళ్ళదా, రెండు వారాలివ్వని ఆయనదా, ఎప్పటికప్పుడు సర్దేసిన నాదా? అందరిదీ అంటే అది జవాబే కాదు ఆ రోజుల్లో. అలా అనడానికి నా దగ్గర మాట లేదు, మాట ఉన్నా దాన్ని రాసే గడి వాళ్ళ కాగితంలో లేదు.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, తమ్ముణ్ణి పంపేశారు. వెళ్ళేరోజు అతను నా దగ్గరికి వచ్చి, "అక్కా, నువ్వు చెప్పినట్టే చేసిన. ఏడనో తప్పు చేసినట్టున్న," అన్నాడు. నీ తప్పేం లేదురా అని నేననలేదని కాదు, అన్నాను. చావింటికి వెళ్ళినవాళ్ళు ఊరుకో ఊరుకో అంటారే, అలా అన్నాను. అతనూ దాన్ని అలాగే తీసుకున్నాడు. ఆ సాయంత్రం పంజాగుట్ట దాకా ఒక్కదాన్నే నడిచాను.

ఆ తరవాత జరిగిందే నాకు నిద్ర పట్టనివ్వదు. మేడం లేకపోతే ఏమవుతుందో చూశారుగా అని ఆఫీసంతా అనుకున్నారు. అతని ఓటమి నా గొప్పకు సాక్ష్యమైంది. ల్యాబువాళ్ళు పట్టుబట్టడంతో రెండు వారాలూ దొరికాయి, అతను చౌరస్తాలో చెప్పిన మార్పే చేశాం. సోమవారాలు మామూలు రోజులైపోయాయి. ఆ పేరుతోనే నాకు పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అక్కడ పెద్దపెద్ద సాఫ్ట్‌వేర్లు నడిపేవాళ్ళకు, దేన్నైనా విడివిడి ముక్కలుగా కాక ఒకదాన్నొకటి తోసుకునే మొత్తంగా చూడడం ఎలాగో నేర్పే తరగతులు పెట్టారు. మొదటి తరగతిలోనే నాకు నా సోమవారం కళ్ళకు కట్టింది. మేనేజరుగారి ప్రశ్నకు జవాబు దొరికింది. తప్పు ఎక్కడ బయటపడిందో అక్కడే పుట్టి ఉండదని, ఆ చివర నిలబడ్డ మనిషిని మార్చినంత మాత్రాన ఏదీ మారదని. ఒకప్పుడు తమ్ముడు ట్రాఫిక్ పోలీసును చూపించి చెప్పింది అదే, నేనే ఇంగ్లీషులో వింటే గానీ నమ్మలేదు.

కొన్నాళ్ళకు ఆ తరగతులు నేనే చెప్పసాగాను. సోమవారం కథ లేని తరగతి ఉండేది కాదు. పెద్దాయన మెట్టు మీద పడే చోట కాస్త ఆగేదాన్ని. తరవాత, ఇందులో ఆ కుర్రాడి తప్పు ఏమైనా ఉందా అని అడిగేదాన్ని. లేదు మేడం అని అందరూ ఒక్క గొంతుతో అనేవారు. టీ విరామంలో వచ్చి, కళ్ళు తెరిపించారు మేడం అనేవారు. ఎక్కడెక్కడినుంచో వచ్చిన పిల్లలు, అతని ముఖం కూడా ఎరగనివాళ్ళు, అతన్ని నిర్దోషి అని తీర్పు చెప్పి వెళ్ళేవారు.

తమ్ముడు యూసుఫ్‌గూడలో మ్యాచింగ్ సెంటర్ పెట్టుకున్నాడని, కంప్యూటర్ల జోలికి మళ్ళీ పోలేదని పాత ఆఫీసువాళ్ళ ద్వారా ఎప్పుడో తెలిసింది. మా ఇంటికి ఎంత దూరం గనక. జాకెట్టు గుడ్డ కావాల్సి వచ్చినప్పుడల్లా నేను పనిగట్టుకుని కోఠీ దాకా వెళ్ళాను. అక్కడైతే రంగులు ఎక్కువ దొరుకుతాయని ఇంట్లోవాళ్ళకు చెప్పేదాన్ని, కొన్నాళ్ళకు నేనూ నమ్మాను.

కోడలి కథ విన్న మర్నాడు ఆటో ఎక్కాను. దుకాణం సన్నగా, పొడుగ్గా, రెండు గోడలకూ రంగురంగుల గుడ్డ థాన్లతో ఉంది. తమ్ముడికి జుట్టు సగం నెరిసింది. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. "ఏందక్కా, తొవ్వ తప్పి వచ్చినవా?" అంటూ స్టూలు తుడిచి వేసి, చాయ్‌కి కేకేశాడు. నేను ఉపోద్ఘాతాలేమీ లేకుండా ఆ సోమవారం సంగతి మొత్తం చెప్పాను. కొత్త కౌంటర్లు, నా వరసలోని లోపం, రెండు వారాలు, అన్నీ. నేనున్నా అదే చేసేదాన్ననీ, అదే అయ్యేదనీ చెప్పాను. అతను కత్తెర పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"నేనైతే నా చేతిలనే ఏదో దోషమున్నదనుకున్న అక్కా," అన్నాడు. "మా నాయిన సుత గదే అన్నడు, మన చేతులు బట్టకే గానీ మిషన్లకు అచ్చిరావని. గాయన పోయిండు, గట్లనే అనుకుంట పోయిండు." తరవాత మామూలుగానే అడిగాడు, "మరి గీ ముచ్చట నీకెప్పుడు ఎరుకైంది?"

చాలా ఏళ్ళయింది తమ్ముడూ అన్నాను. తరగతుల సంగతి కూడా దాచలేదు. అతను తల ఊపాడు. ఇంతలో ఒకావిడ చీర పట్టుకుని వచ్చి అంచుకు సరిపోయే గుడ్డ అడిగితే, దాన్ని వాకిట్లో వెలుతురులోకి తీసుకెళ్ళి, రెండు మూడు రంగులు పక్కన పెట్టి చూసి, సరైంది కోసిచ్చి పంపాడు. తిరిగి వచ్చి కూర్చుని, "పోనీ తియ్యక్కా, ఇప్పుడన్న చెప్పినవు. చాయ్ తాగు, సల్లగైతుంది," అన్నాడు.

కాలం మారిందని సంతోషించాలి. నేటి పిల్లలకు తప్పు జరిగిన మర్నాడే, అది నీ ఒక్కడిది కాదని నలుగురూ ఎదురుగా కూర్చుని చెబుతున్నారు, ఆ రాత్రి వాళ్ళు అన్నం తిని పడుకోగలుగుతున్నారు. మా రోజుల్లో ఆ మాట లేదని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాను. కానీ లేకపోవడమేం, నాకు దొరికింది కదా. దొరికిన ఆ మాటను గదుల నిండా కూర్చున్నవాళ్ళకు పంచిపెట్టాను, దాంతో పేరూ తెచ్చుకున్నాను. అవసరమున్న ఒక్కడికి మాత్రం, ఆటోలో పోయేంత దూరంలో ఉన్నవాడికి, చెప్పలేదు. ఆ కుర్చీని తడిమి చూసుకున్న పెద్దమనిషికైతే ఇక చెప్పే వీలే లేదు. తమ్ముడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. రెండు మాటలు అని ఉంటే బాగుండేదనిపిస్తోంది.